ఇప్పగుడ గోడ బొమ్మలో కళ్ళద్దాల మనిషి

22-09-2025 సోమవారం ఉదయం 11 గంటల 10 నిమిషాలకు మేజిస్ట్రేటు గారి ఎదుట మొదలుపెట్టి, సాక్షి చెప్పింది చెప్పినట్టుగా రాసుకున్నది.

నా పేరు పిన్నింటి సర్వేశ్వరరావు. తండ్రి కీర్తిశేషులు అప్పలస్వామి. వయసు యాభై మూడేళ్ళు. విశాఖపట్నం మర్రిపాలెంలో కాపురం. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పాతికేళ్ళుగా వ్యాసాలు, కరపత్రాలు రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళుగా ఒక చిన్న మాసపత్రిక నడుపుతున్నాను.

నేను ఇక్కడ ఏదీ చెప్పి తీరాల్సిన పని లేదని, చెబితే అది నా మీదే ఆధారంగా వాడుకోవచ్చని మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. ఆలోచించుకోమని గంటసేపు వరండాలో కూర్చోబెట్టారు. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎవరూ ఆశ పెట్టలేదు. నా అంతట నేనే వచ్చాను.

ఈ నెల 17వ తేదీ బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు నేను పోలీసులకు ఒక వాంగ్మూలం ఇచ్చాను. అరకులోని కొండవాకిలి చిత్రశాలకు మామూలు సందర్శకుడిగా వెళ్ళానని చెప్పాను. అక్కడ బొమ్మ మీద ఎర్రమన్ను పూసిన సోములమ్మ ఎవరో నాకు తెలియదన్నాను. మన్ను ఆవిడే కొంగులో దాచి తెచ్చిందన్నాను. మతి స్థిమితం లేని మనిషిలా కనిపించిందని కూడా అన్నాను. ఇవన్నీ అబద్ధాలు. ఆ అబద్ధాల మీద ఆవిడను రిమాండుకు పంపారు. రేపు ఆవిడ బెయిలు దరఖాస్తు విచారణకు వస్తోంది. అందుకని ఈ రోజు వచ్చాను.

మొదటి నుంచి చెప్పమన్నారు. మొదలు 2014లో ఉంది.

ఇప్పగుడ ముంచింగిపుట్టు మండలంలో కొండ మీద ఉన్న ఊరు. ముప్పై నాలుగు ఇళ్ళు. ఆ కొండలో ఖనిజం ఉందని ఒక కంపెనీ సర్వే చేసింది. ఆ వెనకే, కింద తారురోడ్డు నుంచి ఊరికి దారి వెయ్యడం మొదలుపెట్టారు. ఊరివాళ్ళతో కలిసి మేం పత్రిక వాళ్ళం గని వద్దన్నాం. ఇప్పటికీ వద్దే అంటాను. కొండను లారీలకెత్తి పంపేసి, కొండ మీద బతికేవాడికి లారీ దుమ్ము మాత్రం మిగిల్చేదాన్ని అభివృద్ధి అనడం సిగ్గుచేటు. ఈ ప్రభుత్వాలు, వీటి వెనకున్న

(ఇక్కడ మేజిస్ట్రేటు గారు వాదన వద్దు, జరిగింది చెప్పమన్నారు.)

చెబుతున్నాను. 2014 మార్చి 23, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఇప్పగుడ బడి అరుగు మీద సమావేశం పెట్టాం. బడి మేష్టారు టైటస్ చాపలు వేయించాడు. ఆయన పాస్టరు గారి కొడుకు, మైదానం నుంచి ఉద్యోగానికి వచ్చి ఆ ఊళ్ళోనే ఉండిపోయిన మనిషి. ఊరివాళ్ళు చెప్పింది వినతిపత్రంగా రాసే పని నాది. సోములమ్మను మొదటిసారి అక్కడే చూశాను. ముందు వరసలో కూర్చుని, ఒళ్ళో అడ్డాకులు పెట్టుకుని విస్తరి కుడుతోంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"గని ఒద్దు బాబూ. దారి కావాల. ఆ రెండూ ఏరేరేగా రాయి."

పక్కనున్న ఆవిడ భర్త సుక్రు ఎకసెక్కమాడాడు. "అదేటి, పెళ్ళికూతురు ఒద్దు గానీ పెళ్ళి బోయినం కావాల అన్నట్టున్నాది నీ మాట!"

అందరూ నవ్వారు.

"నవ్వు నవ్వు. నీకు కడుపొత్తే తెలుత్తాది," అంది ఆవిడ. మళ్ళీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ మాట రాయలేదు. దారి కావాలి అన్న మాట నేను రాయలేదు. రాస్తే మా డిమాండు పలచబడుతుందని అనుకున్నాను. దారి అడిగితే కంపెనీ దారితోనే వస్తుంది, దాని వెనకే గని వస్తుంది అని నా తర్కం. ఇప్పుడు కూడా ఆ తర్కంలో తప్పు చూపించమంటే చూపించలేను. కాని ఆ తర్కం బరువు మోసిన భుజాలు నావి కావు. "గని వద్దు, గని పేరుతో వేసే దారీ వద్దు" అని రాశాను. వేలిముద్ర వెయ్యబోతూ సోములమ్మ అడిగింది.

"దారి మాట రాసినావా బాబూ?"

"అన్నీ రాశానమ్మా," అన్నాను.

ఆవిడ వేలిముద్ర వేసింది. ఆ కాగితం మీద అరవై ఒక్క వేలిముద్రలున్నాయి. కలెక్టరాఫీసులో ఇప్పటికీ ఉండాలి. తెప్పించి చూడండి, చేతిరాత నాదే.

ఏప్రిల్ 11వ తేదీ శుక్రవారం, ఊరికి మూడు కిలోమీటర్ల కింద గెడ్డ, అంటే కొండవాగు, దగ్గర పొక్లెయిన్‌ను అడ్డుకున్నాం. అందరికంటే ముందు నేను నిలబడ్డాను. భుజాన సంచి, చెయ్యి పైకెత్తి. మధ్యాహ్నం ఒంటిగంటకు పొక్లెయిన్ వెనక్కి తిరిగింది. దారి గెడ్డకు అవతలే ఆగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. గని రాలేదు, అది నిజం. దారి కూడా రాలేదు. గెలిచామని పత్రికలో ఎనిమిది పేజీలు రాశాను.

2016 ఆగస్టు 6, శనివారం జరిగినప్పుడు నేను లేను. టైటస్, సోములమ్మ తర్వాత నాకు చెప్పింది చెబుతున్నాను. సోములమ్మకు ఒక్కతే కూతురు, భాను. ఇరవై రెండేళ్ళు. కానుపుకు పుట్టింటికి వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని ఊళ్ళో మంత్రసాని చెప్పింది. ఫోను అందాలంటే కొండ నెత్తికి ఎక్కాలి. టైటస్ ఎక్కాడు, ఆరింటికి అంబులెన్సుకు కబురు అందింది. ఎనిమిది మంది మగవాళ్ళు భానును డోలీలో పెట్టి మోశారు. వెదురు బొంగుకు దుప్పటి కట్టి ఉయ్యాలలా మొయ్యడం, అది డోలీ. సుక్రు ముందు భుజం పట్టాడు. ఎనిమిదింటికి గెడ్డ చేరారు. రాత్రంతా వాన. గెడ్డ నిండుగా ఉంది. అంబులెన్సు అవతలి ఒడ్డున, దారి ఆగిపోయిన చోట నిలబడి ఉంది. మధ్యలో అరవై అడుగుల నీళ్ళు. గంటా నలభై నిమిషాలు ఇవతల వీళ్ళు, అవతల అది. తొమ్మిది నలభైకి భాను చనిపోయింది. బిడ్డ బయటపడలేదు. అవతల బండి మీద నీలం లైటు తిరుగుతూనే ఉందట. దాన్ని ఎవరైనా ఆపితే బాగుండునని సోములమ్మకు అనిపించిందట.

ఆ ఏడాది నవంబరు 20, ఆదివారం నేను మళ్ళీ ఇప్పగుడ వెళ్ళాను. కంపెనీ మళ్ళీ కదులుతోందని విన్నాను. సుక్రు ఇంట్లో కూర్చున్నప్పుడు, ముందు గది తడిక గోడ మీద, ఎర్రమన్ను అలికిన దాని మీద, బియ్యప్పిండితో వేసిన బొమ్మ చూశాను. నాలుగడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. అడ్డంగా పాములాంటి నీళ్ళు. నీళ్ళకు ఒక పక్క చక్రాలున్న పెట్టె. రెండో పక్క ఒకరిని పట్టుకుని ఒకరు, వంగి నడుస్తున్న ఎనిమిది మంది. వాళ్ళ మీద బొంగులాంటి గీత, దాని కింద చేతులు చాచిన ఒక పెద్ద ఆడమనిషి. పక్కన ఇంకో ఆడమనిషి. కొండ కొసన చెయ్యెత్తిన ఒక మనిషి. కుడి మూల, చక్రాల పెట్టె ముందు, కళ్ళద్దాలు, సంచి ఉన్న ఒక మనిషి, అతనిదీ చెయ్యి పైకే. ఇది మా ఉద్యమం అనుకున్నాను.

"సుక్రూ, ఇది గెడ్డ కాడ మనం ఆపినదే కదా?" అన్నాను.

"ఆ గెడ్డే బాబూ."

"వీళ్ళంతా మనవాళ్ళేనా?"

"మనోళ్ళే."

"ఎవరు వేశారు?"

"మా ఇంట్లోనే ఏసినాం."

ఇంకేమైనా చెబుతాడేమోనని ఆగలేదు. భాను కనపడదేం అని అడగలేదు. అత్తారింట్లో ఉంది అనుకున్నాను. సుక్రు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు, అది కూడా గమనించాను, మాటల మనిషి కాదులే అనుకున్నాను. సోములమ్మ ఆ పూట పొలంలో ఉంది. మొత్తం పావుగంట ఉన్నాను. పద్నాలుగు ఫోటోలు తీశాను.

2017 జనవరి సంచికలో వ్యాసం రాశాను. బొమ్మకు "కొండ కాపలా" అని పేరు పెట్టింది నేను. చక్రాల పెట్టె పొక్లెయిన్ అని రాశాను. వంగి నడిచేవాళ్ళు మానవహారం అన్నాను. పెద్ద ఆడమనిషి కొండ తల్లి. కొండ కొసన చెయ్యెత్తినవాడు నినాదం ఇచ్చే నాయకుడు. కళ్ళద్దాల మనిషి గురించి రాసిన వాక్యం నాకు నోటికి వచ్చు: "కుడి మూల నిలబడ్డ ఈ దళారిని చూడండి, జనం దారికి అడ్డం నిలబడినవాడు ఎప్పుడూ ఇలాగే చదువుకున్నవాడిలా ఉంటాడు." చిత్రకారుడు సుక్రు అని రాశాను.

ఆ తర్వాత ఆ బొమ్మ ఎంత పేరు తెచ్చుకుందో అందరికీ తెలుసు. క్యాలెండర్ల మీద, పుస్తకాల అట్టల మీద, ఊరేగింపు బ్యానర్ల మీద వేశారు. యూనివర్సిటీ పిల్లలు చొక్కాల మీద వేసుకున్నారు. ఢిల్లీ ప్రదర్శనలో ఒక గోడంతా దాని ఫోటోయే. ప్రతిచోటా కింద నా మాటలే ఉన్నాయి.

2017 సెప్టెంబరు మొదటివారంలో టైటస్ ఫోను చేశాడు. "సార్, కొర్రకొత్త పండుగ వస్తోంది. బొమ్మ మీద మన్ను పెట్టేస్తారు. మీరు రావాలంట," అన్నాడు. బొమ్మ పోతుందన్నది ఒక్కటే వినిపించింది. మర్నాడు మొదటి బస్సుకు బయలుదేరాను.

ఆ ఊళ్ళో ఆనవాయితీ అప్పుడు తెలుసుకున్నాను. వేరే ఊళ్ళ సంగతి నాకు తెలియదు. ఎవరైనా కాలం తీరకుండా పోతే, వాళ్ళు ఊరికే తిరగకుండా, తల్లి గోడ మీద బొమ్మ వేసి కూర్చోబెడుతుంది. వాళ్ళు పోయేటప్పుడు దగ్గరున్నవాళ్ళను, కారణమైనవాళ్ళను అందరినీ వేస్తుంది. మరుసటి ఏడు కొత్త కొర్రలు వండే పండుగనాడు, బొమ్మలో ఉన్నవాళ్ళంతా వచ్చి ఎవరి బొమ్మ మీద వాళ్ళు తడిమన్ను పెట్టాలి. పోయినవాళ్ళ మీద తల్లి పెడుతుంది. గోడంతా మళ్ళీ ఎర్రగా అయితే పోయినవాళ్ళు వెళ్ళిపోతారు. ఒక్క బొమ్మ మిగిలినా వెళ్ళరు. వెళ్ళేదాకా తల్లి కొత్త కొర్రలు ముట్టదు.

సోములమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. నా వ్యాసాన్ని టైటస్ చేత చదివించుకుని విన్నదట.

"దళారెవుడు బాబూ?" అంది.

"కంపెనీ మనిషమ్మా. నీ ఇంటి బొమ్మేగా."

"కంపెనీ మనిసికి నా గోడ మీద ఏటి పని? అది నువ్వు." కోపంగా అనలేదు. "సంచీ సూడు. అద్దాలు సూడు. గెడ్డ కాడ సెయ్యెత్తి నిలబడ్డావు కదేటి. నువ్వు నిలబడ్డ కాడే అంబులెన్సు ఆగిపోనాది. మరి నిన్నెక్కడెయ్యాల?"

అప్పుడు మొత్తం చెప్పింది. పెట్టె అంబులెన్సు. ఎనిమిది మంది డోలీ మోసినవాళ్ళు. కొండ కొసన చెయ్యెత్తింది టైటస్, చేతిలో ఫోను. పక్కనున్న ఆడమనిషి తను. డోలీలో ఉన్నది భాను. బొమ్మ గీత గీతా వేసింది తనే. చెప్పి, తట్టలోంచి తడిమన్ను ఒక పిడికెడు తీసి నా ముందు పెట్టింది.

"నీది నువ్వు పెట్టీ బాబూ. బేగి పెట్టీ. ఆలంతా ఆగినారు."

డోలీ మోసిన ఎనిమిది మందీ గుమ్మంలో నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో మన్నుంది.

నేను ఏడ్చాను. అది నిజం. ఏడుస్తూనే ఒక్క ఏడాది ఆగమని అడిగాను. అదీ నిజమే. డిసెంబరులో ఢిల్లీలో ప్రదర్శన ఉంది, గని కోసం మళ్ళీ వేలం పెడుతున్నారు, ఈ బొమ్మ వల్ల కొండ మిగులుతుంది అని చెప్పాను. వాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళ నీళ్ళు తాగుతూ, గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను.

"కొండ మిగులుతాది. గుంటో?" అంది సోములమ్మ. గుంట అంటే వాళ్ళ మాటలో ఆడపిల్ల, భాను.

ఇంకాస్త ఏడ్చాను. ఆవిడ నన్ను చూసి మన్ను తట్టలో వేసేసింది.

"ఏడాదంటే ఏడాదే. నాను కొత్త తిన్ను మరి," అంది.

నాకు తెలియక చేశానని ఎవరైనా అనుకుంటే, అది 2017 సెప్టెంబరు వరకే. ఆ తర్వాతిదంతా తెలిసి చేశాను. తెలిసి చేశాను అన్న మాట దయచేసి రాసుకోండి.

2018 జనవరిలో కొండవాకిలి చిత్రశాల వాళ్ళు బొమ్మను గోడతో సహా తీసుకెళ్తామన్నారు. వాళ్ళను ఇప్పగుడ తీసుకెళ్ళింది నేను. "పెద్ద పెద్దవాళ్ళు చూస్తారు సుక్రూ, మీ ఊరికి దారి వస్తుంది," అని సుక్రును ఒప్పించింది నేను. సోములమ్మను అడగలేదు. తడికను నాలుగు వైపులా కోసి, చెక్క చట్రంలో బిగించి, పన్నెండు మంది గెడ్డ దాకా మోశారు. ఆడవాళ్ళు చూస్తూ నిలబడ్డారు.

"ఓలమ్మా, గోడ పట్టుకెళ్తన్నారు. ఇల్లు మనకొదిలేసినారు, మంచోళ్ళే," అని ఒకామె అంది.

"మన గుంటని పన్నెండు మంది మోత్తన్నారు సూడు. అప్పుడెనిమిదే," అంది ఇంకొకామె. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

చిత్రకారుడి పేరు ఏం రాయమంటారని మేనేజరు గారు అడిగారు. సుక్రు అని చెప్పాను. ఆడవాళ్ళ శ్రమను ఎవరు మింగేస్తున్నారన్న విషయం మీద నేను కనీసం ఏడు సభల్లో మాట్లాడి ఉంటాను. పేరు దిద్దితే మిగతావి కూడా దిద్దాల్సి వస్తుందని భయపడ్డాను. అంతకుమించి కారణం లేదు.

ఆ తర్వాత సోములమ్మ రెండుసార్లు చిత్రశాలకు వచ్చి, తన బొమ్మ మీద మన్ను పెట్టుకుంటానని అడిగింది. "అమ్మా, ఇది ఇప్పుడు నీ ఒక్కదానిదీ కాదు, పోరాడే ప్రజలందరిదీ," అని చెప్పి పంపారు. ఆ వాక్యం కూడా నా వ్యాసంలోదే. ప్రతి ఏడాదీ కొర్రకొత్తకు టైటస్ నాకు ఫోను చేసేవాడు. ప్రతి ఏడాదీ ఏదో ఒక సభ ఉందని చెప్పేవాణ్ణి. తొమ్మిది పంటలు పోయాయి. తన పొలంలో తనే కోసిన కొర్రలను ఆవిడ ఒక్కసారి కూడా నోట్లో వేసుకోలేదు. రేషను డిపో బియ్యం తింటోంది. ఇప్పుడు దగ్గు ఉంది. తను పోతే భాను మీద మన్ను పెట్టడానికి ఎవరికీ చెయ్యి చెల్లదని టైటస్ ఈ ఆగస్టులో చెప్పాడు. అప్పుడు వస్తానన్నాను.

ఈ నెల 17న ఉదయం తొమ్మిదింబావుకు సోములమ్మ అరకు బస్టాండులో బస్సు దిగింది. నేను అక్కడే ఎదురుచూస్తున్నాను. ఆవిడ ఒక్కతే వచ్చింది. సుక్రుకు మోకాళ్ళు పనిచెయ్యవు. మిగతావాళ్ళు ఇంతమంది వస్తే లోపలికి రానివ్వరని ఆగిపోయారు. చేతి గుడ్డ సంచిలో అడ్డాకు పొట్లాలు పది ఉన్నాయి. తొమ్మిదింట్లో ఒక్కో మట్టి ముద్ద. రాలేనివాళ్ళు తమ చేత్తో పిసికి పంపితే చెల్లుతుందట, ఎవరి ముద్ద వాళ్ళే పిసికి పంపారు. విప్పి చూపించింది, ఒక్కో ముద్ద మీద వేళ్ళ గుర్తులు ఉన్నాయి.

"ఇది మా ముసిలోడిది. సూడు, పిండీసినాడు కోపంగా. ఇది మేష్టారిది, మెత్తగున్నాది, సుద్దముక్క పట్టుకున్న సెయ్యి కదేటి," అని చెప్పింది. పదో పొట్లంలో ఉత్త మన్ను ఉంది. "ఇందులో నాదీ గుంటదీ ఉన్నాది. నీక్కూడా. నువ్వక్కడ పిసుక్కుందువు గాని."

పొట్లాలన్నీ నా సంచిలోకి మార్చింది నేను. తలుపు దగ్గర కాపలా మనిషి స్వామి ఉంటాడు. హుకుంపేట వైపు మనిషి. రెండు టికెట్లు అతనే చింపాడు. సోములమ్మ సంచి తెరిపించి, అడుగు దాకా చెయ్యి పెట్టి చూశాడు. నా సంచి చూడలేదు. "రండి సార్," అన్నాడు. మన్ను లోపలికి వెళ్ళింది నా భుజం మీద. ఆవిడ కొంగులో కాదు.

బొమ్మ ముందు నిలబడేసరికి పదకొండు ఇరవై. పక్క గదిలో టూరిస్టులు ఉన్నారు, ఇక్కడ మేమిద్దరమే. సోములమ్మ బొమ్మను చూసి, "సిక్కిపోనావే గుంటా," అంది. బియ్యప్పిండి కొంచెం రాలిందని అర్థమైంది. తర్వాత అడ్డు తాడు దాటి వెళ్ళి, నన్ను ఒక్కో పొట్లం అడిగి తీసుకుంది. ఒక్కొక్క పేరు పిలిచి, ఆ మనిషి ముద్దను ఆ మనిషి బొమ్మ మీద పెట్టి అరచేత్తో అలికింది. ఎనిమిది మంది అయ్యారు. టైటస్ అయ్యాడు. పెట్టె మీద, నీళ్ళ మీద మిగిలిన మన్ను లాగింది. తన బొమ్మ మీద పెట్టుకుంది. భాను మీద రెండు చేతులతో పెట్టింది, కింది నుంచి పైకి, ముఖం ఆఖరున. ఏదో చెప్పింది, వాళ్ళ భాషలో, నాకు అర్థం కాలేదు. గోడంతా తడిగా, ఎర్రగా అయింది, కుడి మూల తప్ప.

"రా బాబూ. నీదొక్కటే," అంది.

నా చేతిలో మన్ను ఉంది. పిసికి ఉంచాను. తాడు దగ్గరకు వెళ్ళాను.

అప్పుడే స్వామి వచ్చాడు. "ఏయ్, ఏటి సేత్తన్నావే ముసల్దానా!" అని పరుగెత్తుకుంటూ వచ్చి, కింద పడి ఉన్న అడ్డాకులు చూసి ఆగిపోయాడు. ఒక్క క్షణం చెయ్యి దించేశాడు. అతనికి అర్థమైందని నాకు అనిపించింది. కాని వెనకే మేనేజరు గారు వచ్చి కేకలు వేశారు. స్వామి ఆవిడ రెక్క పట్టుకున్నాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"సార్, ఈమె మీతోనే వొచ్చినాది కదా?" అన్నాడు స్వామి.

"ఎవరో నాకు తెలియదు," అన్నాను.

టికెట్లు చింపినవాడు అతనే. నా ముఖం చూశాడు. సోములమ్మ కూడా చూసింది. నన్ను పట్టి ఇవ్వలేదు. "పెట్టీ బాబూ," అని ఒక్క మాట అంది. "ఆలు నన్ను లాక్కెల్లేలోగా పెట్టీ."

రెండడుగుల దూరం. ఎవరూ నన్ను పట్టుకోలేదు. నేను ఇంకో అడుగు వెనక్కి వేశాను. మన్ను మళ్ళీ సంచిలో వేసుకుని, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆ ప్యాంటు ఇదే, మచ్చ ఉంది, చూడండి. ఆవిడను లాక్కెళ్ళారు. బయట జీపు ఎక్కేదాకా ఆవిడ వెనక్కి తిరిగి చిత్రశాల వైపే చూస్తూ ఉంది.

పన్నెండు నలభైకి పోలీసులు నన్ను అడిగారు. చదువుకున్నవాణ్ణి అని కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఆవిడను నేల మీద కూర్చోబెట్టారు. తర్వాత నేను చెప్పింది ఇందాక చెప్పాను.

ఫిర్యాదులో బొమ్మను అమూల్యమైన ప్రతిఘటన చిత్రం అని రాశారు. ఆధారంగా నా వ్యాసాన్నే జతచేశారు. ఆ వ్యాసం అబద్ధం. ఆ బొమ్మ ప్రతిఘటన కాదు. అది చిత్రకారిణి సోములమ్మ తన కూతురి కోసం వేసుకున్నది, ఏడాదికి చెరిపేయాలని వేసుకున్నది. ఆవిడ దాన్ని పాడుచెయ్యలేదు, పూర్తి చేసింది. పాడుచేసినవాడు ఎవడైనా ఉంటే అది నేను. 2017 నుంచి పాడుచేస్తున్నాను.

మన్ను నేను మోశాను. టికెట్లు నేను కొన్నాను. నన్ను ముద్దాయిగా చేర్చమని అడుగుతున్నాను.

ఇంకేమైనా చెప్పాలా అని మేజిస్ట్రేటు గారు అడిగారు. చెప్పాలి. 25వ తేదీ గురువారం హైదరాబాదు నుంచి నిపుణులు వచ్చి, నీటి ఆవిరితో ఆ మన్ను తీసేస్తారట. నిన్న పేపర్లో వేశారు. ఫోటో కూడా వేశారు. గోడంతా ఎర్రగా ఉంది, కుడి మూల తెల్లగా, కళ్ళద్దాలతో, సంచితో, చెయ్యెత్తి ఒక మనిషి ఉన్నాడు. "అదృష్టవశాత్తూ కళాఖండంలో ఒక భాగం చెక్కుచెదరలేదు" అని కింద రాశారు.

ఆ మన్ను కడగకుండా ఆపమని కోరుతున్నాను. గురువారం లోపు పోలీసు కాపలాతోనైనా నన్ను ఒక్క నిమిషం అక్కడికి తీసుకెళ్ళమని కోరుతున్నాను. ఆవిడను కూడా తీసుకురావాలి, ఆవిడ చూస్తుండగా జరగాలి. ఇది అడిగే హక్కు నాకు లేదని తెలుసు. చట్టంలో చోటు లేదని మేజిస్ట్రేటు గారు చెప్పారు. లేకపోయినా రాసుకోమన్నాను. రాసుకున్నారు. మళ్ళీ అదే నేరం చెయ్యడానికి అనుమతి అడుగుతున్నారా అన్నారు. అవునన్నాను. ఆ ఒక్క బొమ్మ మిగిలింది కాబట్టి భాను ఇంకా ఆ గోడ మీదే ఉంది. జైల్లో ఆవిడ ముందు కొత్త కొర్రలు పెట్టినా ఆవిడ తినదు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. ఒక్కచోట "సదరు ముసలావిడ" అని పడింది, కొట్టేసి "చిత్రకారిణి సోములమ్మ" అని దిద్దించాను. మిగిలినది నేను అన్నట్టే ఉంది, ఒక్క మాటా ఎక్కువ లేదు. ఇది నిజమని, ముందు ఇచ్చినది అబద్ధమని, రెండింటి మీదా ఉన్నది నా సంతకమేనని ఒప్పుకుంటున్నాను.

(సంతకం) పి. సర్వేశ్వరరావు
22-09-2025, మధ్యాహ్నం 1 గంట 45 నిమిషాలు